నాలుగు బడులను ఒక్క మెట్లవరుసగా చేసిన కొమీనియస్

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చియు, కవులను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో పలువురు కలరు. నేను లెక్కలు వ్రాసికొనువాడను. కావున నా మనసునకు పట్టిన ఒక బడిపంతులు కథను ఎన్నుకొంటిని. ఆయన పేరు యాన్ ఆమోస్ కొమెన్స్కీ. లాటిను భాషలో ఆయన తన పేరును కొమీనియస్ అని వ్రాసికొనెను. లోకము నేడు ఆ పేరుతోనే ఆయనను ఎఱుగును.

లెక్కల వ్యవహారమున ఒక నియమము కలదు. పాత సంవత్సరపు చిట్టా ముగియునప్పుడు తేలిన నిల్వను క్రొత్త చిట్టాలో మొదటి పంక్తిగా ఎత్తి వ్రాయవలెను. అట్లు వ్రాయనిచో రెండు చిట్టాలును దేనికది సరిగానే యున్నను లెక్క తెగిపోవును. పిల్లల చదువు విషయమున ఈ నియమమును మనము తఱచుగా మఱచుచుందుము. తల్లి యొడిలో నేర్చినదానిని బడి ఎత్తి వ్రాసికొనదు. ఊరిబడిలో నేర్చినదానిని పొరుగూరి ఉన్నత పాఠశాల అడుగదు. పాఠశాలలో నేర్చినదానిని కళాశాల లెక్కకు తీసికొనదు. ఐదవ తరగతి వఱకు చుఱుకుగా నున్న పిల్లవాడు ఆఱవ తరగతిలో మూగవాడగుటయు, పదవ తరగతిలో మొదటివాడుగా నిలిచినవాడు ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు పాఠము ముందు తల వంచుకొని కూర్చుండుటయు మనలో చూడనివారు లేరు. అప్పుడు మనము పిల్లవానినే తప్పుపట్టుదుము. తప్పు పిల్లవానిది కాదనియు, రెండు బడుల నడుమ మెట్టు లేకపోవుటయే కారణమనియు దగ్గఱదగ్గఱ నాలుగువందల యేండ్ల క్రిందటనే గ్రహించి, ఆ మెట్టును కట్టుటకు జీవితమును ధారపోసినవాడు కొమీనియస్.

ఆయన 1592వ సంవత్సరము మార్చి 28వ తేదీన ఐరోపా ఖండమున మొరేవియా సీమలో జన్మించెను. ఆ సీమ నేడు చెక్ దేశములో చేరియున్నది. ఆయన తల్లిదండ్రులు క్రైస్తవులలో రోమను కేథలిక్కు శాఖకు వేఱైన సోదరసంఘమను చిన్న సమాజమునకు చెందినవారు. బాలునకు పదియేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. మఱి రెండేండ్లకు తల్లియు గతించెను. అప్పచెల్లెండ్రలో ఇద్దఱును ఆ కాలముననే పోయిరి. మేనత్త యింట చేరి అక్కడి బడికి పోవుచుండగా, 1605లో శత్రుసైన్యము ఆ పట్టణముపై బడి దానిని తగులబెట్టెను. ఆ బడియు ముగిసెను. ఆస్తిని చూడవలసిన పెద్దలు బాలుని చదువును పట్టించుకొనలేదు. ఇట్లు చదువవలసిన యేండ్లు కొన్ని వృథాగా గడచిపోయెను.

1608లో, అనగా పదునాఱేండ్ల వయస్సున, ఆయన ప్షెరోవ్ పట్టణమునందలి లాటిను పాఠశాలలో చేరెను. ఆనాడు ఐరోపాలో పై చదువులన్నియు లాటినులోనే సాగుచుండెను. మనకు ఒకప్పుడు సంస్కృతమెట్లో, నేడు ఇంగ్లీషెట్లో, వారికి లాటిను అట్లుండెను. ఆ భాష రాని పిల్లవానికి ఆ భాషా వ్యాకరణమును ఆ భాషలోనే వ్రాసిన సూత్రములతో నేర్పుచుండిరి. అర్థము తెలియకున్నను వల్లె వేయవలెను. వల్లె వేయనివానికి బెత్తము సిద్ధముగా నుండెను. తనకంటె చాల చిన్నవారైన పిల్లల నడుమ కూర్చున్న ఈ అనాథ బాలునకు ఆ బాధ తెలిసెను. కాని వయస్సు ముదిరినవాడగుటచే బాధతోబాటు దాని కారణమును గూడ చూడగలిగెను. చిన్నపిల్లలు ఏడ్చి మఱచిపోవుదురు, ఆయన మఱువలేదు. ఆలస్యముగా బడిలో చేరుటయే ఆయనను బడులకు వైద్యునిగా చేసినదని చెప్పవచ్చును.

అక్కడినుండి ఆయన జర్మనీ పోయి, 1611 మొదలు హెర్బోర్న్‌లోను, పిదప హైడెల్బర్గ్‌లోను చదివెను. సూర్యుని చుట్టు భూమి తిరుగుచున్నదని స్థాపించిన కొపర్నికస్ స్వయముగా వ్రాసిన ప్రతిని 1614లో హైడెల్బర్గ్‌లో ఆయన కొనెను. చేతిలో డబ్బు తక్కువైనను పుస్తకమును విడువని స్వభావము మన చందాదారులకు క్రొత్త కాదు. స్వదేశమునకు తిరిగివచ్చి, తాను బాధపడిన ప్షెరోవ్ పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను. 1618లో ఫుల్నెక్ అను ఊరికి మతబోధకుడుగాను, బడికి పెద్దగాను పోయెను. వివాహమయ్యెను, పిల్లలు కలిగిరి.

ఆ సంవత్సరముననే ముప్పదియేండ్ల యుద్ధమని చరిత్రలో ప్రసిద్ధికెక్కిన మతయుద్ధము ఆరంభమయ్యెను. 1620లో ప్రేగ్ నగరము సమీపమున సోదరసంఘము పక్షమువారు ఓడిపోయిరి. 1621లో సైన్యములు ఫుల్నెక్‌ను ఆక్రమించెను. కొమీనియస్ భార్యాబిడ్డలను విడిచి దాగవలసివచ్చెను. 1622లో భార్యయు, ఇద్దఱు బిడ్డలును మహమ్మారి వాతబడిరి. మఱుసటి యేడు ఆయన పుస్తకములను ఊరి నడుమ కుప్పవేసి కాల్చిరి. ఆయన కొన్ని సంవత్సరములు ప్రభువుల రక్షణలో అజ్ఞాతముగా గడిపెను. రాజు మతమునకు మాఱనివారు దేశము విడువవలెనని 1627లో ఆజ్ఞ వెలువడెను. 1628 ఫిబ్రవరిలో, చలికాలమున, తనవారితో కూడ సరిహద్దు దాటి పోలండు దేశమునందలి లెష్నో పట్టణము చేరెను. స్వదేశమును మరల చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు.

ఇల్లు పోయినవాడు మరల ఇల్లు కట్టుటను గూర్చి ఆలోచించును. కొమీనియస్ తన దేశము మరల స్వతంత్రమైన నాడు దానికి ఎట్టి బడులు కావలెనని ఆలోచించెను. లెష్నోలో పాఠములు చెప్పుచునే, మొదట చెక్ భాషలోను, పిదప లాటినులోను మహాబోధనశాస్త్రమను గ్రంథమును రచించెను. మానవుని మొదటి ఇరువదినాలుగు సంవత్సరములను ఆయన ఆఱేసి యేండ్ల చొప్పున నాలుగు భాగములు చేసెను. పుట్టినది మొదలు ఆఱేండ్ల వఱకు తల్లిబడి. అది ప్రతి యింటను ఉండవలెను. ఆఱు మొదలు పండ్రెండు వఱకు మాతృభాషాబడి. అది ప్రతి గ్రామమున ఉండవలెను. పండ్రెండు మొదలు పదునెనిమిది వఱకు లాటినుబడి. అది ప్రతి పట్టణమున ఉండవలెను. పదునెనిమిది మొదలు ఇరువదినాలుగు వఱకు విశ్వవిద్యాలయము. అది ప్రతి రాజ్యమున ఉండవలెను.

నాలుగు బడులు పెట్టుమని చెప్పుట పెద్ద విషయము కాదు. ఆ నాలుగింటిలోను వేఱువేఱు విషయములు గాక అవే విషయములు నేర్పవలెననుట ఆయన కనిపెట్టిన మర్మము. మొక్కకు మొదట మొలచిన కొమ్మలే తరువాత పెరిగి మానై నట్లు, తల్లిబడిలో మొలకగా నున్న విద్యయే మాతృభాషాబడిలో మొక్కయై, లాటినుబడిలో చెట్టై, విశ్వవిద్యాలయమున ఫలింపవలెను. ఏ బడియు ముందటి బడిని కొట్టివేసి క్రొత్తగా ఆరంభింపరాదు. పాత నిల్వను ఎత్తి వ్రాసికొనుట యనగా ఇదియే.

ఈ వ్యవస్థ నడచుటకు ఆయన చిన్నచిన్న ఏర్పాట్లను గూడ చెప్పెను. ఆనాడు పిల్లలు సంవత్సరమున ఏ దినమున బడిన ఆ దినమున బడిలో చేరుచుండిరి. ఒక తరగతి యనునది లేక, పంతులు ఒక్కొక్కనికి ఒక్కొక్క పాఠము చెప్పుచుండెను. కొమీనియస్ సంవత్సరమున ఒకేసారి పిల్లలను చేర్చుకొనవలెననియు, ఒక తరగతివారందఱు కలిసి సాగవలెననియు విధించెను. మాతృభాషాబడికి దినమునకు నాలుగు గంటలు చాలుననెను. లాటినుబడి ముగిసిన పిదప ఒక పరీక్ష పెట్టి, ఎవరు విశ్వవిద్యాలయమునకు తగుదురో, ఎవరు ఇతర వృత్తులకు తగుదురో నిర్ణయింపవలెననెను. మన బడులలో నేడు సామాన్యముగా కానవచ్చు తరగతులు, విద్యాసంవత్సరము మున్నగునవి కొంతవఱకు ఆయన కోరిన రూపములే.

ఒక విషయమున ఆయన తన గురువుల తరమువారితో విభేదించెను. ఆడపిల్లలును, చేతిపనులకు పోవు పిల్లలును మాతృభాషాబడికి పోవలెననియు, పై చదువు చదువదలచిన పిల్లలు నేరుగా లాటినుబడికి పోవలెననియు పండితులు కొందఱు చెప్పుచుండిరి. కొమీనియస్ దానిని అంగీకరింపలేదు. ధనికుని బిడ్డయు, కూలివాని బిడ్డయు, బాలుడును, బాలికయు పండ్రెండేండ్ల వఱకు ఒకే బడిలో తల్లిభాషలోనే చదువవలెననెను. ఆఱేండ్ల పిల్లవాడు ఏ వృత్తికి తగునో అప్పుడే తేల్చుట తొందరపాటనియు, తల్లిభాషలో వస్తువును ఎఱిగినవానికే పరభాషలో దాని పేరు నిలుచుననియు ఆయన యభిప్రాయము.

తల్లిబడి కొఱకు ఆయన వేఱుగా ఒక పుస్తకము వ్రాసెను. అది పండితుల కొఱకు గాక తల్లుల కొఱకు చెక్ భాషలో వ్రాయబడినది. 1633లో జర్మను భాషలో అచ్చయ్యెను. ఆ పుస్తకమును తలచినప్పుడు నాకు ఆశ్చర్యము కలుగును. నీరు, మన్ను, నిప్పు ఇవి యని బిడ్డ తెలిసికొనుట ప్రకృతిశాస్త్రమునకు మొదలు. సూర్యచంద్రులను చూపుట ఖగోళమునకు మొదలు. పొలము, కొండ, ఊరు అని తెలియుట భూగోళమునకు మొదలు. నిన్న జరిగినదానిని చెప్పగలుగుట చరిత్రకు మొదలు. కొంచెము, మిక్కిలి అను తేడా గణితమునకు మొదలు. చంకనెత్తుకొని చందమామను చూపు తల్లి తనకు తెలియకయే విశ్వవిద్యాలయమునకు పునాది వేయుచున్నదన్నమాట.

ఆ పుస్తకము చివర, బిడ్డను తల్లిబడినుండి ఊరిబడికి ఎట్లు పంపవలెనో ఆయన చెప్పినది ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు వినవలసినది. కొందఱు పెద్దలు అల్లరిచేయు బిడ్డను బడి పేరు చెప్పియు, పంతులు పేరు చెప్పియు బెదరింతురు. అట్లు చేయుట బిడ్డ కాలికి ముందుగానే సంకెల వేయుట వంటిది. బడిలో చేరుదినము దగ్గఱపడుచుండగా తిరునాళ్లు వచ్చుచున్నట్లు బిడ్డకు చెప్పవలెను. పంతులు మంచివాడనియు, అక్కడ తోటివారు ఉందురనియు ఊరింపవలెను. వయస్సు నిండినదా యని మాత్రమే గాక, బిడ్డ తల్లిబడిలో నేర్వవలసినది నేర్చెనా, వినికిడి యందు శ్రద్ధ కుదిరెనా యని చూచి పంపవలెను. ఇది చదువగా మన అక్షరాభ్యాసము జ్ఞప్తికి వచ్చును. క్రొత్త బట్ట కట్టి, పళ్లెములోని బియ్యముపై వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించి, పిల్లలందఱకు పప్పుబెల్లములు పంచిపెట్టు మన పెద్దల ఆచారములోని మర్మమును ఆయన దూరదేశమున స్వబుద్ధిచే గ్రహించెను. మనమో, ఆ పండుగను ఒక్క దినము చేసి, మఱునాటినుండి పంతులు పేరు చెప్పి బెదరించుచున్నాము.

కొమీనియస్‌కు దేశదేశముల కీర్తి తెచ్చినది 1631లో వెలువడిన తెఱచిన భాషాద్వారమను పాఠ్యపుస్తకము. సుమారు ఎనిమిదివేల లాటిను మాటలను వేయి వాక్యములలో అమర్చి, ఆ వాక్యములను నూఱు ప్రకరణములుగా విభజించి, లోకమునందలి వస్తువులను వరుసగా అందులో చెప్పెను. మన అమరకోశమున అమరసింహుడు మాటలను వర్గములుగా కూర్చిన రీతి తెలిసినవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. అమరము పేర్ల వరుస. కొమీనియస్ పుస్తకము వాక్యముల వరుస. ఆ పుస్తకము ఐరోపా భాషలు అనేకములలోనికి పరివర్తన మయ్యెను. అంతటి పేరు వచ్చినప్పుడు సామాన్యులు తృప్తిపడి ఊరకుందురు.

ఆయన ఊరకుండలేదు. తరగతిలో పిల్లల ముఖములను చూచి, తన పుస్తకము వారికి బరువైనదని గ్రహించెను. ద్వారము తెఱచియే యున్నది. కాని గడప ఎత్తుగా నున్నది, చిన్న కాళ్లకు అందదు. తప్పు పిల్లలదని ఆయన యనలేదు. 1633లో ముంగిలి యను పేర మఱియొక చిన్న పుస్తకము వ్రాసెను. అందులో మాటలు సుమారు వేయి మాత్రమే, వాక్యములు కుఱుచలు. ముంగిలిలో ఆడుకొని అలవాటుపడిన పిల్లవాడు ద్వారము దాటును. ద్వారము దాటినవానికి పిదప చావడి యను మూడవ పుస్తకము. మెచ్చుకొనబడిన తన గ్రంథములోని లోపమును తానే చూచి, దాని క్రింద మెట్టు కట్టిన ఈ వినయమే ఆయన జీవితమున నాకు అన్నిటికంటె గొప్పదిగా తోచును.

ఆ కీర్తిచే దేశములు ఆయనను పిలిచెను. 1641లో హార్ట్‌లిబ్ మున్నగు మిత్రుల ఆహ్వానమున లండను చేరెను. సర్వవిద్యలను ఒకచోట చేర్చు పండితపరిషత్తును అక్కడ స్థాపింపదలచిరి. ఇంతలో ఇంగ్లండున అంతర్యుద్ధము చెలరేగుటచే 1642లో విడిచిపోయెను. దారిలో హాలండున తత్త్వవేత్త డెకార్ట్‌ను కలిసికొనెను. పిదప స్వీడను ప్రభుత్వము కోరికపై ఎల్బింగ్ పట్టణమున ఆఱేండ్లు నివసించి ఆ దేశపు బడులకు పాఠ్యపుస్తకములు వ్రాసెను. 1648లో యుద్ధము ముగిసి సంధి కుదిరెను. కాని అందులో ఆయన దేశస్థులకు స్వదేశము తిరిగి దొరకలేదు. ఆ సంవత్సరముననే రెండవ భార్యయు మరణించెను.

1650లో హంగరీ ప్రభుకుటుంబమువారు షారోష్‌పటక్ అను ఊరిలో బడిని సంస్కరింపుమని పిలిచిరి. ఏడు తరగతుల బడిని ఆయన రూపొందించెను. తొలి మూడు తరగతులకు ముంగిలి, ద్వారము, చావడి యని తన పుస్తకముల పేర్లే పెట్టెను. ఆ మూడే తెఱవబడెను. తక్కినవి కాగితముపైననే నిలిచిపోయెను. అయినను ఆ నాలుగేండ్ల శ్రమనుండి రెండు గొప్ప ఫలములు కలిగెను. పాఠములను నాటకములుగా మార్చి పిల్లలచేత ఆడించెను. బొమ్మల లోకమను పుస్తకమును సిద్ధపఱచెను. ఇది 1658లో న్యూరెంబర్గ్ నగరమున అచ్చయ్యెను. నూటయేబది ప్రకరణములు; ఒక్కొక్కదానికి ఒక బొమ్మ; బొమ్మలోని వస్తువులకు అంకెలు; ఆ అంకెలతోనే ప్రక్కన లాటినునందును, తల్లిభాషయందును మాటలు. చదువురాని బిడ్డయు మొదట బొమ్మను చూచి ఆనందించును, ఆ ఆనందమే అక్షరమునకు దారితీయును. ముంగిలికి గూడ ముందు ఇంకొక మెట్టు కట్టెనన్నమాట. ఆ పుస్తకము రెండు శతాబ్దములు ఐరోపా పిల్లల చేతులలో నలిగెను.

1656లో పోలండునకును, స్వీడనునకును జరిగిన యుద్ధమున లెష్నో పట్టణము కాలిపోయెను. స్వీడను రాజును పొగడుచు కొమీనియస్ ముందుగా ఒక రచన చేసియుండెను. ఆశ్రయమిచ్చిన దేశమున అట్లు చేయుట తొందరపాటే. భవిష్యత్తును చెప్పుదుమనువారి మాటలను నమ్మి అచ్చువేయించుటయు ఆయన దౌర్బల్యములలో నొకటి. ఆ అగ్నిలో ఆయన గ్రంథాలయమును, నలువది యేండ్లకు పైగా కూర్చిన చెక్-లాటిను నిఘంటువును బూడిదయ్యెను. అఱువదినాలుగేండ్ల వయస్సున మరల వట్టిచేతులతో ఆమ్‌స్టర్‌డామ్ చేరెను. అక్కడ 1657లో తన విద్యాగ్రంథములన్నియు ఒకచోట అచ్చువేయించెను. 1670 నవంబరు 15వ తేదీన, డెబ్బదియెనిమిదేండ్ల ప్రాయమున, పరదేశముననే కన్నుమూసెను. నార్డెన్ పట్టణమున ఆయన సమాధి కలదు.

ఆయన చెక్ భాషలో వ్రాసిన మహాబోధనశాస్త్రపు ప్రతి 1841లో లెష్నోలో దొరకెను. సర్వజనవిద్యను గూర్చిన గొప్ప వ్రాతప్రతి 1930 దశాబ్దమున జర్మనీలోని హాలె పట్టణమున బయటపడి 1966లో సంపూర్ణముగా అచ్చయ్యెను. అందులో ఆయన బడులను నాలుగు గాక ఎనిమిది చేసెను. పుట్టుకకు ముందటి బడి మొదలు, బాల్యము, యౌవనము, ప్రౌఢవయస్సు, వార్ధకముల మీదుగా మరణము వఱకు జీవితమంతయు బడియే. ఆయన జన్మదినమగు మార్చి 28ని చెక్ దేశమున ఉపాధ్యాయదినముగా జరుపుకొందురు. మన దేశమున 2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానమును మూడేండ్ల వయస్సు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు చదువును అయిదు, మూడు, మూడు, నాలుగు సంవత్సరముల మెట్లుగా ఒకే వరుసలో చేర్చి, అంగన్‌వాడి బిడ్డను మొదటి మెట్టుపై నిలిపినది. విధానము కాగితముపైనున్నంత మాత్రమున మెట్టు కట్టబడదని షారోష్‌పటక్ బడి మనకు చెప్పుచున్నది. దానిని కట్టవలసినవారు తల్లియు, పంతులును, ఊరివారును.

మన గ్రంథాలయము ఏ బడికిని చెందినది కాదు. కావుననే బడికిని బడికిని నడుమ నిలువగలదు. ఐదవ తరగతి ముగించిన పిల్లలు వేసవి సెలవులలో ఇక్కడ బొమ్మల పుస్తకములు చదివి ఆఱవ తరగతికి పోవలెను. పదవ తరగతి దాటినవారు తెలుగున తెలిసిన విషయమునే ఇంగ్లీషున చదువుటకు ఇక్కడ సులభగ్రంథములు దొరకవలెను. ముందేడు ఆ మెట్టు దాటిన అన్నయో, అక్కయో ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. చదువు ఎప్పుడో తెగిపోయిన పెద్దలు సిగ్గుపడక ఈ గడప త్రొక్కవలెను. పదునాఱేండ్లకు లాటిను మొదలుపెట్టిన అనాథ బాలుడు వారికి తోడుండును. రాబోవు ఇరువదియైదేండ్లలో మన గ్రంథాలయము ఈ ఊరి పిల్లలకు ముంగిలియై, ద్వారమై, చావడియై వర్ధిల్లుగాక యని కోరుచు విరమించుచున్నాను.